గుమ్మం బయటి ఇల్లు

కిందటి నెల సిడ్నీ దగ్గరి హెలెన్స్‌బర్గ్ గుడికి వెళ్ళాం. దర్శనమయ్యాక క్యాంటీన్‌లో పులిహోర తీసుకుని కారు దగ్గరికి వస్తుంటే, పార్కింగ్ చివర చెట్ల కింద ఒక తెల్లటి మోటర్‌హోమ్ ఆగి ఉంది. లోపల మంచాలు, పొయ్యి, సింకు, ఒక మూల చిన్న బాత్‌రూము, అన్నీ అమర్చిన ఇంటిబండి. దాని పక్కగోడ మీద పెద్ద అక్షరాల జాడ ఒకటి కనిపిస్తోంది. అద్దెకు తిప్పినన్నాళ్ళూ అంటించి ఉంచిన కంపెనీ పేరును అమ్మేముందు పీకేస్తారు. అయినా ఆ అక్షరాల కింద ఎండ తగలని మేర రంగు కొత్తగా ఉండిపోతుంది. ఎంత కడిగినా పోదు.

"ఆంటీ బండిలా లేదూ?" అన్నాడు మా ఆయన.

అలాగే ఉంది గానీ ఆంటీది కాదు. ఆంటీ కిందటి చలికాలంలో గుండె ఆగి వెళ్ళిపోయింది. ఆ రోజు ఇంటికి వచ్చేదాకా దారంతా ఆవిడ గురించే మాట్లాడుకున్నాం.

ఆవిడ పేరు ఇక్కడ రాయడం లేదు. బతికుండగా ఆవిడని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. సిడ్నీ శివారు టూంగాబీలో మా వీధి వాళ్ళందరికీ ఆంటీ. దూరపు ఊళ్ళలో పిల్లలకు బండాంటీ. పొట్టి మనిషి. చుడీదార్ మీద మగవాళ్ళ స్వెటర్ వేసి, చేతులు మోచేతుల పైకి మడిచి ఉంచేది. చాలా ఏళ్ళు కాన్పుల వార్డులో మిడ్‌వైఫ్‌గా పనిచేసింది కాబట్టి ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. తర్వాత తుడుచుకోకుండా రెండు చేతులూ గాల్లో ఎత్తి పట్టుకుని ఆరనిచ్చేది. ఉల్లిపాయ తరగాలన్నా అంతే. చూసేవాళ్ళకు ఇప్పుడే ఎవరికో కాన్పు చేయబోతోందా అనిపించేది.

అనంతపురం జిల్లా మాట. నలభై ఏళ్ళు సిడ్నీలో ఉన్నా ఆ యాస ఇసుమంతైనా అరగలేదు. వయసులో చిన్నదైన ఏ ఆడదాన్నైనా "పాపా" అనే పిలిచేది. నాకు నలభై దాటాయి, నేనూ పాపనే.

రిటైరైన కొత్తలో ఎవరింట్లోనో ఆదివారం బార్బెక్యూకి కలిసినప్పుడు, ఇంటిబండి కొంటున్నానని ఆవిడ మామూలుగా చెప్పింది. ఇక్కడ రిటైరైన తెల్లవాళ్ళు చాలామంది అలాంటి బండి వేసుకుని దేశమంతా తిరుగుతారు. మనవాళ్ళు కాశీకో సింగపూరుకో వెళ్తారు గానీ ఎడారి రోడ్ల మీద పడటం తక్కువ. అందరూ ఊళ్ళు చూడ్డానికనే అనుకున్నారు. ఆవిడ భర్త, మా అందరికీ అంకుల్, వెంటనే చేతులెత్తేశాడు. కదిలే దాంట్లో తనకు నిద్ర పట్టదన్నాడు. ఆయనకు పెరట్లో టమాటా మడి ఉంది, టీవీలో అయిదు రోజుల టెస్టు మ్యాచ్ ఉంది. ఆవిడ కూడా బలవంతం చేయలేదు.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. మన పిల్లలు ఇప్పుడు సిడ్నీ, మెల్‌బోర్న్‌లలోనే లేరు. ఇక్కడే ఉండిపోయే పీఆర్ కోసమో ఉద్యోగం కోసమో ఎక్కడెక్కడికో పోయారు. ఒక ఊళ్ళో మనవాడే డాక్టరు. ఇంకో ఊళ్ళో మోటెల్ నడిపేది మనవాళ్ళే. ఆ ఊరికీ పక్క ఊరికీ మధ్య సగం రోజు ప్రయాణం. అలాంటి చోట తొలికాన్పు వస్తుంది. పుట్టింటికి వెళ్ళే వీలుండదు. అమ్మకి వీసా రాదు, లేకపోతే ఆలస్యంగా వస్తుంది. అప్పుడు ఎవరో ఇచ్చిన నంబరు పట్టుకుని టూంగాబీలో ఆంటీకి ఫోన్ చేసేవాళ్ళు. బిడ్డ పాలు తాగడం లేదని, కుట్లు నొప్పిగా ఉన్నాయని, ఏడుపు ఎందుకొస్తోందో తెలియడం లేదని. ఆవిడ గంటలు గంటలు ఫోనులో మాట్లాడేది.

"ఫోనులో బిడ్డకు పాలు పట్టించేకి కాదు పాపా," అంది ఒకసారి. బండి కొనాలనుకోవడానికి ఆవిడ చెప్పిన కారణం అదొక్కటే.

ఒక శనివారం నాకు ఫోన్ చేసి, బండి చూడ్డానికి తోడు రమ్మంది. బండ్ల గురించి నాకేం తెలుసు, మా ఆయన్ని తీసుకురానా అని అడిగాను.

"వద్దు. మగోళ్ళు బానెట్ ఎత్తి చూస్తారు. ఇంజిన్లు నిన్ననే మెకానిక్కు చూసి పోయినాడు. మనం ఇల్లు చూసేకి పోతాండాం."

సిడ్నీ పడమటి అంచున ఒక పెద్ద యార్డు. అద్దె కాలం తీరిన ఇంటిబండ్లు అక్కడ వరసగా నిలబెట్టి ఉన్నాయి. అమ్మే మనిషి నడివయసువాడు, మెడ ఎండకు ఎర్రగా కమిలి ఉంది, మర్యాదస్తుడు. నా కంటికి బండ్లన్నీ ఒకటే. ఆవిడకు కాదు. ఒక్కోదాంట్లోకి ఎక్కడం, తలుపు మూయడం, కళ్ళు మూసుకుని వాసన చూడటం. తర్వాత చెప్పులు విప్పి మంచం మీద వెల్లకిలా పడుకోవడం. చివరికి గోడల దగ్గరికి వచ్చేది. నాలుగు వేళ్ళూ పరిచి, బొటనవేలితో మెల్లగా నొక్కుతూ ఈ చివర నుంచి ఆ చివరకు పోయేది. కడుపులో బిడ్డ తల ఎటుందో చూసే మంత్రసాని చెయ్యి అది.

ఈ బండ్లలోకి నీళ్ళు కారవని ఆయన చెప్పాడు. ఆవిడ తల ఊపి తన పని తాను చేసుకుపోయింది. రెండో బండిలో వెనక కిటికీ పైన బొటనవేలు ఆగింది. నా చెయ్యి పట్టుకుని అక్కడ ఆనించింది. పైన కొత్త రంగు, కింద టీలో ముంచిన బిస్కట్టులా మెత్తగా ఉంది. ఆయన కూడా వచ్చి నొక్కి చూసి, తనకు తెలియదని ఒప్పుకున్నాడు. ఆవిడ దిగిపోయింది.

తర్వాతి బండి చూడ్డానికి బాగాలేదు. వెనక ఎడమ మూల దేనికో గీరుకుపోయి, అతుకు వేసి ఉంది. మైక్రోవేవ్‌కి పిడి లేదు. సీట్ల గుడ్డ ఎండకు వెలిసిపోయింది. కిటికీ సందుల్లో ఏ సముద్రపు ఒడ్డుదో ఇసుక. సొరుగు లాగితే చిన్నపిల్లల హెయిర్‌క్లిప్పు ఒకటి, పేకముక్కలు రెండు. ఎంతమంది తిరిగారో, ఎంతమంది సెలవులు గడిపారో ఇందులో. ఆవిడ గోడలు నొక్కి, మంచం మీద పడుకుని, లేచి కూర్చుంది.

"దీనికి దెబ్బలన్నీ బయటే ఉండాయి. లోపల గట్టిది," అంది.

ఆ తర్వాత ఇందులో టీ పెట్టుకోవచ్చా అని ఆయన్ని అడిగింది. ఆయన ఒక క్షణం తికమకపడి, వెళ్ళి గ్యాస్ తిప్పి వచ్చాడు. ఆవిడ సంచిలోంచి గిన్నె, టీపొడి, పాలడబ్బా బయటికి వచ్చాయి. చేతులు కడుక్కుని గాల్లో ఎత్తి పట్టుకుంది. ఇల్లు కొనేముందు అందులో ఒకసారి పాలు పొంగాలి కదా అని నాతో తెలుగులో అంది. ఆ బుల్లి బల్ల చుట్టూ ముగ్గురం ఇరుక్కుని టీ తాగాం.

ఎక్కడెక్కడ తిరుగుతారని ఆయన అడిగాడు. పడమట ఎడారి వైపు కోబార్, బ్రోకెన్ హిల్, వాటికవతల అని చెప్పింది. ఆయన కప్పు కింద పెట్టేశాడు. ఈ బండి తారు రోడ్డు కోసం చేసింది, అద్దెకు ఇచ్చేటప్పుడే మట్టిరోడ్డు ఎక్కించకూడదని సంతకం చేయించుకుంటారు అన్నాడు. అమ్ముకోవాల్సినవాడు అలా చెప్పడం నాకు ఆశ్చర్యం. అప్పుడు ఆవిడ ఎందుకు వెళ్తోందో చెప్పింది. ఆయన కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, తన పెద్దకొడుకు ఒక గనుల ఊళ్ళో పుట్టాడని, ఆ నెలలన్నీ తన భార్య కిటికీ దగ్గర కూర్చుని ఎవరూ రాని రోడ్డు చూస్తూ ఉండేదని చెప్పాడు. నీళ్ళ ట్యాంకు పెద్దది పెట్టించమన్నాడు, పైన సోలార్ పలకలు వేయించమన్నాడు, టైర్లు మందంవి మార్పించమన్నాడు, మట్టిరోడ్డు రాగానే వాటిలో గాలి తగ్గించమన్నాడు. ఆవిడ అన్నీ చేయించింది. మైక్రోవేవ్ పిడి మాత్రం చివరిదాకా వేయించలేదు, స్పూనుతోనే తెరిచేది.

అంత పొడుగు బండిని వెనక్కి నడపడం నేర్చుకోవడానికి కొన్ని ఆదివారాలు పట్టింది. సూపర్‌మార్కెట్ తెరవకముందు ఖాళీగా ఉండే పార్కింగులో నేను వెనక నిలబడి చెయ్యి ఊపేదాన్ని. స్టీరింగు ముందు కూర్చుని ఆవిడ తనలో తాను మాట్లాడుకునేది, "రా తల్లీ, రా... ఇంకొంచెం... ఇంకొంచెం... అంతే, చాలు." కాన్పు గదిలో కూడా ఇవే మాటలు అనేవారా అని అడిగితే, అక్కడ ఇంగ్లీషులో అనేదాన్నని చెప్పింది.

ఆ తర్వాత ఆరేడేళ్ళు తిరిగింది. ఎవరో ఫోన్ చేస్తారు, ఆవిడ బయల్దేరుతుంది. ఆ ఇంటి ముందో, కుదరకపోతే ఊరి కారవాన్ పార్కులోనో బండి ఆపుతుంది. ఆవిడకు ఒక్కటే నియమం. పిలవందే ఇంట్లో అడుగు పెట్టదు. పిలిస్తే వచ్చి బిడ్డకు స్నానం చేయిస్తుంది, తల్లికి వామన్నమో వెల్లుల్లికారమో చేసి పెడుతుంది, వెళ్ళిపోతుంది. కూర్చోమంటేనే కూర్చుంటుంది. అలా ఒక్కోచోట నెల, ఒక్కోచోట రెండు నెలలు.

ఒకసారి నేను కూడా వెళ్ళాను. వారం సెలవు పెట్టుకుని, వచ్చేటప్పుడు బస్సులో రావచ్చని. బ్రోకెన్ హిల్ వైపు పోయే దారిలో పెద్దరోడ్డు వదిలి లోపలికి వెళ్ళాల్సిన ఒక చిన్న ఊరు అది. అక్కడి మందుల షాపులో ఫార్మసిస్టు కరీంనగర్ అబ్బాయి. అతని భార్యకు పాప పుట్టి రెండు వారాలు. అమ్మకు వీసా రాలేదు.

ఆవిడ నడిపే తీరు నింపాదిగా ఉండేది. వెనక నుంచి రైలంత లారీలు వచ్చి దాటుకుపోయేవి. ఎదురొచ్చిన ప్రతి బండికీ స్టీరింగు మీంచి ఒక వేలు ఎత్తి పలకరించేది. పొద్దు వాలకముందే ఆపేసేది, కంగారూలు రోడ్డెక్కే వేళ అని. నింగన్ అనే ఊరు దాటాక, పిలవందే ఎందుకు ఇంట్లోకి వెళ్ళరని అడిగాను. ఆవిడ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కూతురి సంగతి చెప్పింది.

కూతురు కాన్‌బెరాలో హారిసన్ అనే పేటలో ఉంటుంది. ఇక్కడే పుట్టి పెరిగింది. తల్లి తెలుగులో మాట్లాడితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఆ పిల్ల తొలికాన్పుకి ఆవిడ వెళ్ళింది. వంటిల్లు సర్దేసింది. ఉయ్యాల జరిపించింది. బిడ్డను ఎత్తుకునే పద్ధతి తప్పంది, పడుకోబెట్టే పద్ధతి తప్పంది. అల్లుడు కొన్న సామాను సగం అటకెక్కించింది. ఒకరోజు పొద్దున కూతురు ఇంగ్లీషులో, కేక వెయ్యకుండా, అమ్మా దయచేసి వెళ్ళిపో, నాకు నా ఇల్లు కావాలి అంది. ఆ మధ్యాహ్నమే ఆవిడ సిడ్నీ బస్సెక్కింది. తర్వాత ఫోన్లు ఉన్నాయి, పండగలకు రాకపోకలు ఉన్నాయి. కానీ కూతురు ఉండమని అడగలేదు, ఈవిడా ఉంటానని అనలేదు.

"ఆ పిల్ల తప్పు మాట్లాడలేదు పాపా. కాన్పు గదిలో నా మాటే చెల్లేది. దాని ఇంట్లో కూడా నా మాటే చెల్లాల అనుకున్నా."

పెద్దరోడ్డు వదిలే చోట ఆవిడ బండి ఆపి దిగి, టైర్లలో గాలి తగ్గించింది. ఎర్రమట్టి రోడ్డు, పొడుగునా గతుకులు. అద్దె బండ్లకు ఈ రోడ్డు వద్దన్నారు కదా అని గుర్తు చేశాను. "ఇప్పుడిది అద్దెది కాదు కదా," అని ఎక్కించింది. మా వెనక ఇల్లంతా దడదడలాడింది. గ్లాసులు, గరిటెలు, సొరుగులు, అన్నీ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టాయి. కొంతదూరం పోయాక అలమర తలుపు తెరుచుకుని కందిపప్పు డబ్బా బోర్లాపడింది. ఆవిడ ఆపలేదు. ఎట్లాగూ పప్పు మిగతా దారంతా దొర్లుతూనే ఉంటుంది, చేరినాకే ఏరుకుందాం అంది. వారం రోజులూ మంచం దుప్పట్లో కూడా కందిబద్దలు తగులుతూనే ఉన్నాయి.

ఆ ఇంటి ముందు బండి ఆపాం. అబ్బాయి పరుగున వచ్చాడు. అమ్మాయి గుమ్మంలో నిలబడి నవ్వింది. ఇల్లు అద్దంలా ఉంది. పాపకు బట్టలు కూడా రంగుకు రంగు కుదిర్చి వేసి ఉన్నాయి. పిలిచినప్పుడల్లా ఆంటీ వెళ్ళి స్నానం చేయించి వస్తోంది. రెండు రోజులయ్యాక, ఆ పిల్ల బాగానే ఉంది కదా అన్నాను నేను. ఆవిడ కందిబద్దలు ఏరుతూ, "ఆ పిల్ల బిడ్డ మొగం చూడటం లేదు," అంది.

మర్నాడు మధ్యాహ్నం, పాప నిద్రపోతుండగా ఆ అమ్మాయి ఒక్కతే బయటికి వచ్చింది. ఎండలో చెప్పులు లేకుండా నడిచి వచ్చి బండి మెట్టెక్కింది. ఆంటీ బియ్యం కడుగుతోంది. నేను బల్ల దగ్గర లాప్‌టాప్‌తో ఉన్నాను. లేవబోతే ఆంటీ కళ్ళతోనే కూర్చోమంది. అమ్మాయి తలుపు పక్కనే నిలబడి నేల చూస్తూ మాట్లాడింది.

"ఆంటీ, పాపను ఎత్తుకుంటే ఎవరి పాపనో ఎత్తుకున్నట్టు అనిపిస్తాంది. నాకు నిద్ర పడ్తలేదు. రోడ్డు మీద లారీ పోతుంటే ఎక్కి పోవాలె అనిపిస్తాంది. ఆయనకు చెప్పలే. ఇంట్ల చెప్పనీకి రాలే నాకు."

ఆంటీ బియ్యం గిన్నె పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది, ఈసారి గాల్లో ఆరబెట్టుకోలేదు. ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుంది.

"ఈ మాట చెప్పినావు చూడు, మంచి పని చేసినావు. ఇది నీ తప్పు కాదు, ఇదొక జబ్బు. ఎంతోమందికి వస్తాది, పోతాది. ఈ మాటే క్లినిక్కులో నర్సుకు చెబుదాం. నేను పక్కనే కూచుంటా. ఇప్పుడు మాత్రం గమ్మున పడుకో."

వెనక మంచం సర్ది పడుకోబెట్టింది. కర్టెన్ లాగింది. నన్ను పాప దగ్గర కూర్చోమని పంపి, తాను మందుల షాపుకి నడుచుకుంటూ వెళ్ళింది. అబ్బాయితో ఏం చెప్పిందో నాకు తెలియదు. ఇద్దరూ కలిసి తిరిగి వచ్చారు, అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. సాయంత్రం లోపలే క్లినిక్కు నర్సు వచ్చి కూర్చుంది. వీడియోలో పెద్దాసుపత్రి డాక్టరు మాట్లాడింది. మందులు మొదలయ్యాయి. ఆ అమ్మాయిని ఒంటరిగా వదలకుండా అందరం వంతులు వేసుకున్నాం. అబ్బాయి షాపుకి సెలవు పెట్టాడు. పాలవేళకు పాపను బండిలోకి తెచ్చేవాడు, తర్వాత తీసుకెళ్ళేవాడు. మిగతా వేళల్లో ఆ పిల్ల అక్కడే, ఆంటీ కళ్ళ ముందే పడుకునేది.

వారం కాగానే నేను బస్సెక్కి వచ్చేశాను. ఆవిడ అక్కడే ఉండిపోయింది. ఆ ఊరి నుంచి కదిలేసరికి చలికాలం దాటింది. ఒకరోజు నాకు ఫోటో పంపింది. బండి మెట్టు మీద ఆ అమ్మాయి కూర్చుని, ఒళ్ళో పాపను నిలబెట్టి, దాని ముఖంలోకి చూస్తూ ఏదో చెబుతోంది.

ఆంటీ పోయాక పన్నెండో రోజున అందరం టూంగాబీలో కలిశాం. ఆ ఫార్మసిస్టు జంట రెండు రోజులు కారు నడుపుకుని వచ్చారు. పాప పరిగెత్తుతోంది. బండి ఇంటి ముందే ఉంది, ఇప్పటికీ ఉంది. కదిలే దాంట్లో నిద్ర పట్టదనే అంకుల్ మధ్యాహ్నాలు అందులోనే పడుకుంటున్నాడు. కదలడం లేదు కదా అంటాడు.

ఆ రోజే ఆవిడ అల్లుడు నా పక్కన కూర్చుని, రెండో కాన్పు సంగతి చెప్పాడు. కాన్‌బెరాలో ఆంటీ ఉన్నప్పుడు ఫోన్లో మాట్లాడేదాన్నే గానీ ఈ సంగతి ఆవిడ నాకెప్పుడూ చెప్పలేదు.

రెండో బాబు పుట్టే ముందు కూతురే ఫోన్ చేసిందట, రమ్మని, బండి కూడా తెమ్మని. ఆవిడ వచ్చి హారిసన్‌లో వాళ్ళ వీధిలో ఆపింది. బాబు పుట్టాడు, ఇంటికి తెచ్చారు. ఇంట్లోకి పిలిచినప్పుడు వచ్చింది, పని చేసింది, వెళ్ళిపోయింది. వంటింట్లో గరిటె కూడా ఎక్కడ ఉన్నది అక్కడే పెట్టిందట. తల్లి వెళ్ళాక కూతురు కిటికీ దగ్గర నిలబడి బండి వైపు చూస్తుండేదట.

ఒకరోజు తెల్లారాక అతను లేచేసరికి పక్కన భార్య లేదు, ఉయ్యాల్లో బాబు లేడు. గదులన్నీ చూశాడు, గరాజు చూశాడు. పెద్దపిల్ల ఒక్కతే నిద్రపోతోంది. వేసుకోవడానికి చెప్పులు కూడా కనబడక, గడ్డి మీద తెల్లగా పరుచుకున్న మంచులో ఉత్త కాళ్ళతో వీధిలోకి పరిగెత్తాడు. బండి కిటికీలోంచి చూశాడు. వెనక మంచం మీద అతని భార్య గోడ వైపు తిరిగి, నోరు కాస్త తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. ఆంటీ ఆ మంచం అంచునే ఒదిగి కూర్చుని ఉంది. చేతుల్లో బాబు. కూతురి కాలు ఆవిడ ఒళ్ళో ఉంది.

అతను అద్దం మీద తట్టాడు. ఆవిడ అద్దం కొంచెం జరిపి, భుజం మీది శాలువా తీసి అతనికి అందించింది.

"ఇది కూడా నిద్ర పట్టక బిడ్డనెత్తుకుని వచ్చినాది నాయనా, జరుగమ్మా అని నాతో అనింది, పడుకునింది," అని గుసగుసగా చెప్పింది. "నువ్వు పోయి పడుకో. మేము ముగ్గురం బాగుండాం."